తొమ్మిదో ఫోటో

స్వెట్టర్ వేసుకుని రా. ఆగస్టు నెలే అయినా ఇక్కడ చలికాలం.

నువ్వు చిలీ దేశంలో, అటకామా ఎడారి దక్షిణపు కొసన, లాస్ కంపానాస్ అనే కొండమీద ఉన్నావు. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. తేదీ 2017 ఆగస్టు 17. పొద్దు ఇప్పుడే కుంగింది. నీ తలమీద గుమ్మటం చప్పుడు చేస్తూ తెరుచుకుంటోంది. దానికింద ఉన్నది స్వోప్ టెలిస్కోపు. అద్దం అడ్డకొలత ఒక్క మీటరు. ఇదే కొండమీద ఆరున్నర మీటర్ల అద్దాలతో మాగెల్లాన్ టెలిస్కోపులు రెండున్నాయి. వాటి ముందు నీది చిన్నదే. కానీ చిన్నదానికి ఒక మంచి గుణం ఉంది. ఒక్క చూపులో ఎక్కువ ఆకాశాన్ని చూస్తుంది. ఈ రాత్రి నీకు కావలసింది సరిగ్గా అదే.

కూర్చో. తెర వెలిగించు. టైము చూసుకో. మహా అయితే రెండు గంటలుంది.

పడమటి ఆకాశంలో హైడ్రా నక్షత్రమండలం అప్పుడే వాలిపోతోంది. నువ్వు వెతికేది అందులోనే ఎక్కడో ఉంది. రెండు గంటలు గడిస్తే అది నేలకు మరీ దగ్గరైపోతుంది. అక్కడ గాలి దట్టం, ఏదీ సరిగా ఆనదు. రేపు మళ్ళీ చూడొచ్చు కదా అంటావా? రేపటికి అది చల్లారిపోవచ్చు. ఎంతసేపు వెలుగుతుందో ఈ రాత్రికి ఎవరికీ తెలియదు. ఇలాంటిదాన్ని ఇంతవరకూ మనుషులెవరూ చూడలేదు.

ఇంతకీ ఏం వెతుకుతున్నావు?

ఈ పొద్దున 9 గంటల 41 నిమిషాలకు, అంటే మన దేశంలో సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు, భూమి మొత్తం కాస్త సాగి, కాస్త ముడుచుకుంది. కొండలు, ఇళ్ళు, అప్పటికి పుట్టి ఉంటే నువ్వూ. ఎంతమేరకు? నాలుగు కిలోమీటర్ల పొడవు మీద చూసినా ఆ తేడా ఒక ప్రోటాను వెడల్పులో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే ఎవరికీ తెలియలేదు. తెలిసింది మూడు యంత్రాలకే. అమెరికాలో రెండు చోట్ల లైగో, ఇటలీలో విర్గో. కిలోమీటర్ల పొడవైన గొట్టాల్లో లేజరు కాంతిని అటూ ఇటూ పరుగెత్తించి, ఆ పొడవు రవ్వంత మారినా పట్టేసే యంత్రాలవి. రెండు బరువైన వస్తువులు ఒకదాని చుట్టూ ఒకటి గిర్రున తిరిగితే వాటి చుట్టూ ఉన్న శూన్యమే అలలెత్తుతుంది. ఆ అలల్నే గురుత్వ తరంగాలంటారు. ఈ పొద్దున వచ్చిన అల దాదాపు 100 సెకన్లపాటు సాగింది. తిరుగుడు వేగం పెరిగింది, పెరిగింది, చివర్న ఠక్కున ఆగింది.

ఆగిన 1.7 సెకన్లకు, భూమి చుట్టూ తిరిగే ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు తగిలింది. రెండు సెకన్ల మెరుపు.

అంటే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకున్నాయి. ఎక్కడ?

ఇక్కడే విర్గో ఒక వింత సాయం చేసింది. దానికి ఈ అల సరిగా వినపడనే లేదు. ఇలాంటి ప్రతి యంత్రానికీ కొన్ని దిక్కులు చెవుడు. లైగోకి గట్టిగా వినిపించి విర్గోకి వినపడలేదంటే, ఆ శబ్దం విర్గోకి చెవుడున్న దిక్కునుంచే వచ్చి ఉండాలి. అలా వెతకాల్సిన చోటు బాగా తగ్గింది. తగ్గినా, సుమారు 150 పున్నమి చందమామల్ని పక్కపక్కన పరిస్తే ఎంత చోటో అంత. దూరం 13 కోట్ల కాంతి సంవత్సరాలకు అటూ ఇటూ. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి 13 కోట్ల ఏళ్ళు ప్రయాణం చేస్తేగాని నీ దగ్గరికి రాదు.

మెయిల్ వచ్చింది చూడు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ నుంచి. డేవ్ కూల్టర్ అనే శాస్త్రవేత్త ఆ చోటులో, ఆ దూరంలో ఉన్న గెలాక్సీలన్నిటినీ ఏరి జాబితా రాసి పంపాడు. చాలా పెద్ద జాబితా. ఒక్కొక్కదాన్నీ ఫోటో తీస్తూ పోతే రెండు గంటలు చాలవు.

దేన్ని ముందు తీస్తావు?

నీ చెయ్యి ముందుగా మెలికలు తిరిగిన చేతులున్న నీలిరంగు గెలాక్సీ వైపు పోతుంది. పోవడం సహజమే. పుస్తకాల అట్టలమీద ఉండే గెలాక్సీ అదే. మన పాలపుంత కూడా ఆ జాతిదే. ఆ చేతుల్లో వాయువు, దుమ్ము దండిగా ఉంటాయి. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతుంటాయి. వాటిలో భారీవి నీలంగా మండి, తొందరగా పేలిపోతాయి. పేలుడు కావాలంటే అక్కడే కదా వెతకాలి?

ఆగు. నువ్వు వెతికేది ఆ పేలుడు కాదు. న్యూట్రాన్ నక్షత్రమంటే ఎప్పుడో పేలిపోయిన నక్షత్రంలో మిగిలిన గుండె. అలాంటివి రెండు జంటగా మిగిలితే ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, గురుత్వ తరంగాలకు కొంచెం కొంచెం శక్తి అర్పించుకుంటూ, దగ్గరికి జరుగుతాయి. చాలా నెమ్మదిగా. కోట్ల ఏళ్ళు పట్టవచ్చు, వందల కోట్ల ఏళ్ళు కూడా పట్టవచ్చు. ఈలోపు వాటి గెలాక్సీ ముసలిదైపోయి ఉండొచ్చు. కాబట్టి అందం చూడకు. ఎక్కడ ఎక్కువ నక్షత్రాలు పోగయ్యాయో అది చూడు. అవి ముసలివైనా సరే.

ఇంకో కిటుకు. ఒకే చట్రంలో రెండు మూడు గెలాక్సీలు పడే చోట్లుంటే వాటిని ముందు తీయి. కూల్టర్ అదీ లెక్క కట్టే పంపాడు.

మొదలుపెట్టు.

ఒకటో ఫోటో. తెరమీద మసక మరకలు, మన పాలపుంత తాలూకు చుక్కలు. పక్కన పాత ఫోటో తెరిచి రెంటినీ పోల్చు. పాతదాంట్లో లేనిది కొత్తదాంట్లో ఉందా? లేదు.

రెండోది. లేదు. మూడోది. ఒక చుక్క... కాదు, పాతదాంట్లోనూ ఉంది. నాలుగు. అయిదు. కొండమీద గాలి పెరిగింది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆరు. ఏడు. ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడనే లేదు, హైడ్రా అప్పుడే ఇంకొంచెం కిందికి దిగింది. ఇవే ఫోటోలు అమెరికాలో సాంటా క్రూజ్ నుంచి చార్లీ కిల్‌ప్యాట్రిక్ అనే శాస్త్రవేత్త కూడా చూస్తున్నాడు. మరో నాలుగైదు బృందాలు చిలీలోనూ, ఇంకా ఇతర చోట్లా ఇదే వేటలో ఉన్నాయి. ఎనిమిది. లేదు.

8 గంటల 33 నిమిషాలు. తొమ్మిదో ఫోటో.

మధ్యలో ఒక గెలాక్సీ. పేరు ఎన్‌జీసీ 4993. కోలగా, నునుపుగా ఉంది. మెలికల చేతులు లేవు. మధ్యలో వెలుగు ఎక్కువ, అంచుకు పోయేకొద్దీ తగ్గిపోయి ఎక్కడ ఆగిందో తెలియకుండా చీకట్లో కలిసిపోయింది. చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. దాని నడిమి వెలుగుకు పక్కన ఒక చుక్క.

పాత ఫోటో తెరువు.

అందులో చుక్క లేదు.

కొత్తది చూడు. ఉంది.

పాతది. లేదు.

అందరికంటే ముందు ఆ చుక్క కిల్‌ప్యాట్రిక్ కళ్ళ పడింది. తెర వెలుగులో ఇప్పుడది నీ కళ్ళముందూ ఉంది. అలలు ఎక్కడినుంచి వచ్చాయో, వెలుగూ అక్కడినుంచే రావడం మనిషి కంటబడిన మొదటి సందర్భం ఇదే. గంటలోపే మిగతా బృందాలూ అదే చుక్కను ఎవరికి వారు పట్టుకున్నాయి. మాగెల్లాన్ టెలిస్కోపు అటు తిరుగుతోంది, ఆ వెలుగును రంగులుగా విడదీయడానికి. అది తిరిగేలోపు నీకు కొంచెం తీరిక దొరికింది. ఆ గెలాక్సీని సరిగా చూడు. ఇంత పెద్ద సంగతి జరగడానికి ఇంత సాదాసీదా చోటేమిటి అనిపిస్తోంది కదూ?

దీన్ని లెంటిక్యులర్ గెలాక్సీ అంటారు. వేడి ఇడ్లీని పళ్ళెంతో సహా నీ కంటి ఎత్తుకు లేపి, పక్కనుంచి చూడు. నడుము దగ్గర ఉబ్బు, అంచులు పల్చన. ఈ గెలాక్సీల ఆకారం అదే. పాలపుంతకు ఉన్నట్టే వీటికీ నడుమ ఉబ్బు, చుట్టూ బిళ్ళ ఉంటాయి. నక్షత్రాలు ఆ బిళ్ళలో చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. కానీ చేతులు ఉండవు. ఎడ్విన్ హబుల్ అనే శాస్త్రవేత్త గెలాక్సీలను జాతులుగా విడదీస్తూ ఒకవైపు కోడిగుడ్డు ఆకారంవి, రెండోవైపు మెలికల చేతులవి పెట్టాడు. 1936లో అచ్చయిన తన పుస్తకంలో, ఈ రెంటికీ నడుమ ఒక గడి ఉంచి, దానికి ఎస్-సున్నా అని పేరు పెట్టాడు. అప్పటికి ఆ గడి సగం ఊహ. తర్వాత టెలిస్కోపులు బాగుపడేకొద్దీ ఆ గడి నిండిపోయింది. ముఖ్యంగా వందల గెలాక్సీలు గుంపుగా కూడిన చోట్ల అవి కుప్పలుగా కనిపించాయి.

దూరం నుంచి చూసింది చాలు. లోపలికి వెళ్దాం.

కాంతి ఎక్కి వచ్చిన దారినే వెనక్కి పద. 13 కోట్ల ఏళ్ళ వెనక్కి. భూమిమీద డైనోసార్లు తిరుగుతున్నాయి. భారతదేశం ఆసియాకు చాలా దూరాన, దక్షిణాన మడగాస్కర్‌ను ఇంకా అంటిపెట్టుకునే ఉంది. నువ్వు ఎన్‌జీసీ 4993 లోపల, దాని కేంద్రానికి కొన్ని వేల కాంతి సంవత్సరాల దూరంలో తేలుతున్నావు.

చుట్టూ చూడు. నక్షత్రాలే నక్షత్రాలు. కానీ రంగు గమనించు. పసుపు, నారింజ, ఎరుపు. నీలం దాదాపు లేదు. నీలి నక్షత్రాలు తొందరగా కాలిపోతాయి. కొత్తవి పుడుతుంటేనే అవి కనిపిస్తాయి. ఇక్కడ వందల కోట్ల ఏళ్ళుగా కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోయింది. మన ఊళ్ళో కరెంటు పోయిన రాత్రి పాలపుంతను చూసి ఉంటే, దాని నడిమధ్య నల్లటి చీలికలు కనిపించి ఉంటాయి. అవి దుమ్ము మబ్బులు, నక్షత్రాల పురిటిళ్ళు. ఇక్కడ ఆ చీలికలు నడిబొడ్డు దగ్గర కొద్దిగా మిగిలాయి, అంతే. మిగతా వెలుగంతా నునుపు. మృగశిర కింద కనిపించే ఓరియన్ నెబ్యులా లాంటి మెరిసే మబ్బుకోసం వెతుకు. దొరకదు.

వాయువంతా ఎక్కడికి పోయింది?

ఈ గెలాక్సీ అంచులకేసి చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. పల్చటి వెలుగు అరలు, ఒకదాని వెలుపల ఒకటి. ఇవి ఒక చిన్న గెలాక్సీ తాలూకు శిథిలాలు. ఎన్‌జీసీ 4993 దాన్ని ఎప్పుడో మింగేసింది. ఇలా కలిసిపోయేటప్పుడు వాయువు కలగాపులగమై ఒక్కసారిగా నక్షత్రాలుగా మారి అయిపోవచ్చు, లేదా చెల్లాచెదురు కావచ్చు.

వాయువు పోగొట్టుకునే రెండో దారి ఇంకా భయంకరం. అది చూడాలంటే వేరే గెలాక్సీకి వెళ్ళాలి. వస్తావా? పట్టుకో.

ఇప్పుడు నువ్వు ఈఎస్‌ఓ 137-001 అనే మెలికల గెలాక్సీ మీద ఉన్నావు. మన దగ్గర్నుంచి సుమారు 22 కోట్ల కాంతి సంవత్సరాలు. నీ చుట్టూ నీలి చేతులు, వాయువు మబ్బులు, అప్పుడే పుట్టిన నక్షత్రాలు. అంతా బాగుంది. ముందుకు చూడు. ఈ గెలాక్సీ ఊరికే కదలడం లేదు, పెద్ద గెలాక్సీల గుంపులోకి పడిపోతోంది. గంటకు 70 లక్షల కిలోమీటర్ల వేగం. ఆ గుంపు మధ్య ఖాళీగా కనిపించే చోటంతా వాయువే. దాదాపు 10 కోట్ల డిగ్రీల వేడి. మరీ పల్చన కాబట్టి చెయ్యి పెట్టినా నీకు సెగ తగలదు. కానీ గెలాక్సీ మొత్తం ఆ వేగంతో అందులోకి దూసుకుపోతుంటే అదే ఎదురుగాలి.

గాలి తగిలింది.

మొదట అంచుల్లోని వాయువు లేస్తుంది. తర్వాత చేతుల్లోది. దేన్ని పట్టుకుంటావు? మబ్బును పట్టుకోకు, అది పోతుంది. నక్షత్రాన్ని పట్టుకో. నక్షత్రాలు చిన్నవి, గట్టివి, ఈ గాలి వాటిని కదపలేదు. మబ్బులు మాత్రం నీ పక్కనుంచే వెనక్కి కొట్టుకుపోతున్నాయి. వెనక్కి తిరిగి చూడు. గెలాక్సీ వెనక పొడవాటి నీలి పోగులు. చింపుకుపోయిన వాయువులోనే కొన్ని కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి, గెలాక్సీ బయట, దిక్కులేని చోట. ఎక్స్-కిరణాలు చూసే చంద్రా టెలిస్కోపుకు ఈ తోక రెండున్నర లక్షల కాంతి సంవత్సరాలకు పైగా పొడవు కనిపించింది. మన పాలపుంత బిళ్ళకు రెండింతలు దాటి.

కొన్ని కోట్ల ఏళ్ళు ఇలా గడిస్తే వాయువు ఉండదు. నీలి నక్షత్రాలు కాలిపోతాయి. వాటితోపాటు మెలికల చేతులూ మాసిపోతాయి. మిగిలేది పాత నక్షత్రాల బిళ్ళ, నడుమ ఉబ్బు. ఎస్-సున్నా.

గుంపుల్లో లెంటిక్యులర్లు ఎందుకంత ఎక్కువో ఇప్పుడు నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వెనక్కి రా, ఎన్‌జీసీ 4993కి. ఇక్కడ మనకు పని మిగిలి ఉంది. అదిగో, ఆ జంట.

నువ్వు మామూలుగా చూస్తే కనబడవు. ఒక్కోటి పాతిక కిలోమీటర్ల వెడల్పు కూడా లేదు. కానీ రెండూ కలిపి రెండు సూర్యుల బరువు దాటి, ఇంకా పైన ఉంటుంది. ఇవి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టి వెయ్యి కోట్ల ఏళ్ళు దాటి ఉండొచ్చని ఒక అంచనా. మన సూర్యుడు పుట్టకముందు నుంచి. గెలాక్సీ వాయువు పోగొట్టుకుంటున్నా, నీలి నక్షత్రాలు ఆరిపోతున్నా, వీటి పని వీటిదే. తిరగడం. దగ్గరవడం.

ఇప్పుడు వాటి మధ్య దూరం సుమారు 400 కిలోమీటర్లు. సెకనుకు 12 చుట్లు.

మిగిలింది 100 సెకన్లు.

ఎక్కడ నిలబడతావో ఇప్పుడే తేల్చుకో. జంట తిరిగే చక్రానికి పైన, సరిగ్గా ఇరుసు మీద నిలబడితే రెండూ బాగా కనిపిస్తాయి. కానీ అక్కడ వద్దు. పక్కకు జరుగు. ఇంకా. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

యాభై సెకన్లు. నక్షత్రాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.

పది. చుట్లు లెక్కపెట్టలేవు.

అయిదు.

మూడు. చుట్టూ ఉన్న శూన్యం సాగుతోంది. నీ చేతులు పొడుగవుతున్నాయి, పొట్టవుతున్నాయి.

ఒకటి. చుట్లు సెకనుకు వందల్లోకి ఎగబాకుతున్నాయి. నక్షత్రాలు ఒకదాన్నొకటి లాగి సాగదీసుకుంటున్నాయి.

తాకాయి.

ఇరుసు దిక్కున వెలుగు చీల్చుకుపోయింది. అటు ఒకటి, ఇటు ఒకటి. సన్నటి జెట్లు. గామా కిరణాలు. నువ్వు అక్కడ ఉంటే ఇక ఉండేవాడివి కావు, ఉండేదానివి కావు. మన భూమి కూడా ఆ ఇరుసుకు కొంచెం పక్కనే ఉంది. అందుకే 13 కోట్ల ఏళ్ళ తర్వాత ఫెర్మీకి తగిలిన మెరుపు అంత నీరసంగా ఉంది.

ఊపిరి పీల్చుకో. జెట్లు కాదు, ఇప్పుడు చుట్టూ చూడు. గుద్దుకున్న చోటునుంచి న్యూట్రాన్లు నిండిన పదార్థం అన్ని దిక్కులా ఎగజిమ్ముతోంది. వేగం సెకనుకు పదివేల కిలోమీటర్ల లెక్కల్లో. అందులో పరమాణువులు ఒకదాని వెంట ఒకటి న్యూట్రాన్లను మింగుతూ క్షణాల్లో బరువెక్కుతున్నాయి. ఇనుమును దాటాయి. వెండిని దాటాయి. బంగారం. ప్లాటినం. యురేనియం. ఈ కొత్త పరమాణువుల్లో చాలావాటికి నిలకడ లేదు. చితికిపోతూ వేడిని వదులుతాయి. ఆ వేడి వెలుగే నువ్వు తొమ్మిదో ఫోటోలో చూసిన చుక్క. దీనికి కిలోనోవా అని పేరు.

ఆ వెలుగుతోపాటే ఇప్పుడు చిలీకి తిరిగి పద. గురుత్వ తరంగం, గామా మెరుపు దాదాపు ఒకేసారి బయల్దేరి 13 కోట్ల ఏళ్ళు పక్కపక్కనే పరుగెత్తాయి. గెలుపోటముల తేడా 1.7 సెకన్లు. అదైనా దారిలో వచ్చింది కాదు, మెరుపు బయల్దేరడంలో జరిగిన ఆలస్యమే అయుండొచ్చు. గురుత్వం కూడా కాంతి వేగంతోనే నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పినదానికి ఇంతకన్నా గట్టి రుజువు ఆ రోజుదాకా ఎవరికీ దొరకలేదు.

తెరముందు మళ్ళీ కూర్చో. తర్వాతి రోజుల్లో ఏం చూస్తావంటే, మొదటి రాత్రి చుక్క నీలంగా ఉంది. రెండు రోజులకు నీలం తగ్గిపోయింది. వారానికి ఎర్రగా ఉంది. ఆ తర్వాత మామూలు కంటి కాంతిలో వాడిపోయి, పరారుణ కాంతిలోనే కొన్నాళ్ళు నిలిచింది. మామూలు నక్షత్రాల పేలుడు ఇంత తొందరగా రంగు మార్చదు. బరువైన లోహాల పరమాణువులు నీలి కాంతిని మింగేస్తాయి కాబట్టే ఈ ఎరుపు. అంటే అక్కడ బంగారం లాంటి లోహాలు నిజంగానే తయారయ్యాయి. ఎంత బంగారం? మన భూమికన్నా ఎన్నో రెట్ల బరువంత ఉంటుందని లెక్కలు కట్టారు. ఆ వెలుగులో ఒక మూలకాన్ని మాత్రం సూటిగా గుర్తుపట్టారు, 2019లో. స్ట్రాన్షియం. దీపావళి నాడు నువ్వు కాల్చే ఎర్ర మతాబుకు ఆ ఎరుపునిచ్చేది స్ట్రాన్షియం లవణాలే.

పదహారు రోజులకు ఆ చోటునుంచి రేడియో తరంగాలు కూడా మొదలయ్యాయి. తర్వాత నెలలపాటు వాటిని గమనించిన టెలిస్కోపుల్లో మనదీ ఉంది. పుణె దగ్గర పొలాల మధ్య ముప్ఫై పెద్ద గిన్నెలు ఆకాశానికి ఎత్తి పెట్టిన జీఎంఆర్‌టీ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్ని పుస్తకాల్లో, కొందరు శాస్త్రవేత్తల మాటల్లో కూడా, లెంటిక్యులర్ గెలాక్సీలను చచ్చిన గెలాక్సీలు అంటుంటారు. కొత్త నక్షత్రాలు పుట్టడం లేదు కాబట్టి. ఆ మాట నాకు సరిపడదు. నువ్వు ఇప్పుడే అందులోంచి వచ్చావు కదా, చెప్పు, అక్కడ ఏం చచ్చింది? లెక్కలేనన్ని నక్షత్రాలు చక్కగా మండుతున్నాయి. నిదానంగా కాలే నారింజ నక్షత్రాలు ఇంకా వేల కోట్ల ఏళ్ళు మండుతాయి. ఎప్పుడో పోయాయనుకున్న రెండు నక్షత్రాల గుండెలు బంగారం చేశాయి. ఆ పని చేయడానికి ఎంత ఓపిక కావాలో, అంత కాలం ఆ గెలాక్సీ వాటిని తనలో ఉంచుకుంది. పుట్టడం ఆగిపోతే అంతా అయిపోయినట్టేనని మనం అనుకోవడం, అందమైన చేతుల ఫోటోలే ఎక్కువగా చూడటం వల్ల వచ్చిన అలవాటు. లెంటిక్యులర్ ఫోటో ఎదురైతే పిల్లలు పేజీ తిప్పేస్తారు. నువ్వు తిప్పకు.

ఇంకొకటి కూడా ఆలోచించు. కూల్టర్ జాబితా అందమైన గెలాక్సీల వరసలో రాసి ఉంటే, తొమ్మిదో ఫోటో ఆ రాత్రి ఎన్నో ఫోటో అయ్యేది? హైడ్రా ఆగేదా?

ఇప్పుడు నీ వంతు, నిజంగా. ఊహలో కాదు.

ఎన్‌జీసీ 4993 మసకది, దాన్ని పట్టడం కష్టం. దానికన్నా నాలుగింతలు దగ్గరలో, 3 కోట్ల కాంతి సంవత్సరాలు దాటిన చోట, ఇంకో లెంటిక్యులర్ ఉంది. ఎన్‌జీసీ 3115. విలియం హెర్షెల్ 1787లో దాన్ని మొదట చూశాడు. అది సరిగ్గా అంచువైపు నుంచి మనకు కనిపిస్తుంది కాబట్టి, ఆ ఆకారాన్ని నీ కళ్ళతో నువ్వే పోల్చుకోవచ్చు. మీ బడిలోనో, ఊళ్ళోని సైన్స్ సెంటర్‌లోనో నాలుగంగుళాలు, అంతకు మించిన టెలిస్కోపు ఉందేమో అడుగు. మార్చి, ఏప్రిల్ నెలల్లో, చంద్రుడు లేని రాత్రి, తొమ్మిది, పది గంటల మధ్య వీధి దీపాలకు దూరంగా వెళ్ళు. నడినెత్తికి దగ్గరగా మెరిసే మఖ నక్షత్రాన్ని పట్టుకో. చెయ్యి చాపి, పిడికిలి బిగించు. మఖనుంచి తిన్నగా దక్షిణంగా రెండు పిడికిళ్ళు కిందికి దిగు. అక్కడ మామూలు కంటికి ఏమీ ఉండదు. టెలిస్కోపును అక్కడే నెమ్మదిగా అటూ ఇటూ జరుపు.

తొందరపడకు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపు ఫోను తెర చూస్తే మళ్ళీ మొదటికి వస్తావు. మసకగా ఏదో తగిలితే దానికేసి సూటిగా చూడకు, కొంచెం పక్కకు చూడు. కంటి అంచుకు మసక వెలుగు బాగా ఆనుతుంది. సన్నటి బూడిదరంగు గీత, నడుమ ఉబ్బు, రెండు కొసలా పల్చన. అదే. ఆ ఉబ్బు నడుమ వంద కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉందని 1990ల నుంచీ మనకు తెలుసు. అది నీకు కనిపించదు. కనిపించే గీతను కాగితంమీద గియ్యి, తేదీ రాయి, పక్కవాళ్ళకు ఐపీస్ ఇవ్వు. మేఘం పడితే మర్నాడు మళ్ళీ వెళ్ళు. మే నెల వచ్చేసరికి మఖ పడమటికి వాలిపోతుంది.